బంతా, చామంతా? ఇరవై గుంటల లెక్క

మొన్న మా బామ్మర్ది ఫోన్ చేశాడు. "బావా, బోరు కింద ఇరవై గుంటలు ఖాళీగా ఉంది. ఈసారి పూలు పెడదామనుకుంటున్నా. బంతి పెట్టనా, చామంతి పెట్టనా? ఏది మంచి రేటు పలుకుతుంది?"

రేటు సంగతి తర్వాత చెప్తానని, "తెల్లవారుజామున నాలుగింటికి మీ ఇంట్లో ఎంతమంది లేస్తారు?" అని అడిగాను. వాడు జోక్ అనుకుని నవ్వాడు.

జోక్ కాదు. మా వైపు, అంటే చేవెళ్ల, శంకర్‌పల్లి ప్రాంతంలో, పూలు పెట్టి చేతులు కాల్చుకున్నవాళ్లలో ఎక్కువమంది రేటు చూసి దిగినవాళ్లే. పూల రేటు ఉల్లి రేటులాంటిది కూడా కాదు. హైదరాబాదు గుడిమల్కాపూర్ పూల మార్కెట్లో తెల్లారి అయిదింటికి ఉన్న ధర ఎనిమిదింటికి ఉండదు. సద్దుల బతుకమ్మ ముందు రోజు కళ్లకద్దుకుని కొన్న బంతినే పండగ మర్నాడు కుప్పలుగా పారబోసి పోవడం నేను చూశాను. అందులో ఒక కుప్ప నాదే. కాబట్టి పోలిక రేటు దగ్గర మొదలుపెట్టకూడదు. ఏ రోజుకి పువ్వు చేతికొస్తుంది, దాన్ని ఎవరు కోస్తారు అన్న రెండింటి దగ్గర మొదలుపెట్టాలి. అక్కడ ఈ రెండు పూలూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు.

కోత సంగతి ముందు చెప్తాను, ఎవరూ లెక్కవేయనిది అదే కనుక.

ఒకసారి వంటింటి కాటా పొలానికి పట్టుకెళ్లి కిలో బంతి, కిలో చామంతి తూచి పూలు లెక్కపెట్టాను. నా హైబ్రిడ్ ముద్దబంతి కిలోకి నూట ఇరవై దాకా తూగాయి. చామంతి నాలుగొందలు దాటింది. ఇప్పుడు గుణించండి. ఇరవై గుంటల్లో, అంటే అర ఎకరంలో, బంతి సుమారుగా పండినా మూడు టన్నులు వస్తుంది. అంటే మూడు లక్షల అరవై వేల పూలు. అదే అర ఎకరంలో చామంతి రెండున్నర టన్నులు తీశామనుకోండి, పది లక్షల పూలు. ప్రతి పువ్వునీ వేళ్లతో తుంచాల్సిందే, దీనికి మిషన్ లేదు. బంతిని దోసిలి పట్టి కాడ తుంచుతూ గంటలో బుట్ట నింపేయవచ్చు. చామంతి దగ్గర కూలి మనిషి నడుము వంచి అరపూట కోసినా గోనెసంచి అడుగు కనపడుతూనే ఉంటుంది. మార్కెట్లో చామంతి కిలో బంతికి రెట్టింపు పలికితే అది లాభం అని మనవాళ్లు అనుకుంటారు. ఆ తేడాలో పెద్ద భాగం కోత కూలీకే పోతుంది.

ఇంట్లోనే నలుగురు కోసేవాళ్లుంటే ఈ లెక్క తిరగబడుతుంది. కూలి బయటికి పోదు కాబట్టి చామంతి నిజంగానే మిగులుస్తుంది. నేను వాడిని అడిగింది అందుకే.

ముహూర్తం మీది బంతికి, సూర్యుడిది చామంతికి

బంతిని మనం తేదీ పెట్టి పూయించుకోవచ్చు. గింజ వేసిన 25 రోజులకు నారు, నాటిన 55–60 రోజులకు మొదటి పువ్వు, ఇంకో వారానికి చేను నిండా పువ్వు. మొత్తం మూడు నెలలు పట్టుకోండి. దసరాకి పువ్వు కావాలంటే పండగ తేదీ నుంచి తొంభై రోజులు వెనక్కి లెక్కపెట్టి నారు పోయాలి.

ఇక్కడే ఒక పప్పులో కాలు. చాలామంది "నిరుడు జూలై మొదటి వారంలో పోశాం, ఈసారీ అప్పుడే" అంటారు. బంతి ఇంగ్లీషు నెలలు చూసి పూస్తుంది, పండగ మాత్రం పంచాంగం చూసి వస్తుంది. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో జ్యేష్ఠం అధికమాసం కావడంతో దసరా అక్టోబరు 20కి జరిగింది, దీపావళి నవంబరు 8కి. పద్దెనిమిది రోజుల తేడా! పాత తేదీకే పోస్తే మొదటి జోరు పువ్వంతా పితృపక్షంలో పడుతుంది. అప్పుడు పెళ్లిళ్లుండవు, గృహప్రవేశాలుండవు, దండ కొనేవాడుండడు. అక్టోబరు 20కి కావాలంటే జూలై మూడో వారంలో నారు పోస్తే సరిపోతుంది. బతుకమ్మ ముందే మొదలవుతుంది కాబట్టి నేనైతే సగం నారు ఒక వారం ముందు, మిగతా సగం ఆ తర్వాత పోస్తాను. కోత రెండు నెలల దాకా సాగుతుంది గనుక ఒకే చేను దసరాకీ, దీపావళికీ, కార్తీకం సగానికీ వస్తుంది.

చామంతితో ఇలా బేరం కుదరదు. అది పగలు చిన్నదైతేగానీ మొగ్గ వేయదు. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, రాత్రి చీకటి ఎంతసేపు ఎడతెగకుండా ఉందో కొలుచుకుంటుంది. హైదరాబాదులో జూన్‌లో పగలు 13 గంటల పైచిలుకు, డిసెంబరులో 11 గంటలు. ఈ రెండు గంటల తేడాతోనే దాని బతుకంతా నడుస్తుంది. జూన్, జూలైలో నాటితే పొడుగు పగళ్లలో కొమ్మలు వేసి గుబురు కడుతుంది. పగళ్లు తగ్గుతున్నకొద్దీ మొగ్గకు తిరిగి, ఎక్కువ రకాలు కార్తీకంలో పూత అందుకుని సంక్రాంతి దాకా పూస్తాయి. ఆలస్యం చేసి అక్టోబరులో నాటితే మొక్క జానెడు ఎదగకుండానే మొగ్గ పెట్టేస్తుంది. పది పూలు పూసి అయిపోతుంది.

ఈ చీకటి సంగతి నాకు పుస్తకాల్లో కంటే ముందు పొలంలోనే తెలిసింది. మొదటి ఏడు చామంతి పెట్టినప్పుడు రోడ్డు వైపు మూడు సాళ్లు నవంబరు దాటినా పచ్చగా ఏపుగా ఉన్నాయి, మొగ్గ లేదు. మిగతా చేనంతా పసుపు ఆరేసినట్టుంది. ఎరువు ఎక్కువైందేమోనని, నీళ్లు ఎక్కువయ్యాయేమోనని ఎన్ని రకాలుగా అనుకున్నానో. చివరికి ఒక రాత్రి మోటారు వేయడానికి వెళ్తే కారణం నెత్తిమీద వెలుగుతూ కనిపించింది. పంచాయతీ వాళ్లు కొత్తగా వేసిన ఎల్‌ఈడీ వీధి దీపం. సరిగ్గా దాని వెలుగు పడినంత మేరా గీత గీసినట్టు పువ్వు లేదు. ఇంట్లో కుండీ పెంచేవాళ్లకు కూడా ఇదే వర్తిస్తుంది. బాల్కనీ లైటు కింద పెట్టిన చామంతి ఎందుకు పూయదో ఇప్పుడు తెలిసింది కదా.

ఇదే గుణాన్ని కొందరు రైతులు ఆదాయంగా మార్చుకున్నారు. చలికాలం నాట్లకు చేనంతా బల్బులు వేలాడదీసి అర్ధరాత్రి కొన్ని గంటలు వెలిగిస్తారు. మొక్క కావలసినంత ఎత్తు వచ్చాక దీపాలు ఆపేస్తారు, అప్పుడు మొగ్గ వస్తుంది. బెంగళూరు చుట్టుపక్కల రాత్రిపూట ప్రయాణిస్తే పొలాలకు పెళ్లి జరుగుతున్నట్టుంటుంది. వైరు, బల్బులు, కరెంటు, టైమరు అన్నీ కలిపి అది వేరే స్థాయి పెట్టుబడి. మొదటిసారి పెట్టేవాళ్లు దాని జోలికి పోవద్దు.

మొక్క ఎక్కడి నుంచి తెస్తారు?

బంతికి ఎకరాకు 11 వేల నుంచి 14 వేల మొక్కలు చాలు. రెండడుగుల సాలు, మొక్కకీ మొక్కకీ అడుగున్నర నుంచి రెండడుగులు. చామంతికి అడుగు బై అడుగు, అంటే 43 వేల పైన. అర ఎకరానికే ఇరవై వేల పైచిలుకు మొక్కలు కొనాలి. ఈ ఒక్క ముక్కతోనే కొందరి ప్రశ్న ఇక్కడే తీరిపోతుంది.

బంతి గింజ నుంచి వస్తుంది. ప్రోట్రేలో (గుంటలున్న నారు ట్రే) కోకోపిట్ (కొబ్బరి పొట్టు) వేసి ఎవరైనా పెంచుకోవచ్చు. చామంతిని గింజతో వేయరు. పోయినేటి మొక్క మొదట్లో వచ్చే పిలకలో, రెండు మూడు అంగుళాల కొన కత్తిరింపులో కావాలి. కత్తిరింపు వేరు పట్టడానికి మూడు వారాలు పడుతుంది. కష్టం ఎక్కడంటే, పూత అయ్యాక మోడు నరికితే ఫిబ్రవరిలో పిలకలు దండిగా వస్తాయి, మనం నాటేది జూన్‌లో. మధ్యలో మన ఏప్రిల్, మే ఉన్నాయి. నలభై మూడు డిగ్రీల ఎండలో ఆ పిలకలను షేడ్‌నెట్ కింద బతికించి ఉంచడమే చామంతి సాగులో సగం పని. అది కుదరనివాళ్లు ఏటా నర్సరీ మీద పడాలి. గోదావరి జిల్లాల వాళ్లకు కడియం నర్సరీలు దగ్గర గనుక ఇబ్బంది లేదు. మాలాంటి వాళ్లు మొక్క తెచ్చేటప్పుడు వేర్లు చూసి తెచ్చుకోవాలి. ట్రేలో నుంచి ఒక మొక్క లాగి చూపించమనండి. వేర్లు తెల్లగా ఉండాలి. గోధుమరంగులో మెత్తబడి ఉంటే ఆ లాట్ మొత్తం వద్దు, ఎంత తక్కువకిచ్చినా సరే. ఒక నర్సరీ నుంచి మొహమాటానికి పోయి అలాంటివి తెచ్చాను. రెండు వానలకు చేను మధ్యలో మచ్చలు మచ్చలుగా చచ్చిపోయింది.

అసలు చామంతికి నీళ్లు నిలిస్తే చాలు, వేరుకుళ్లు పట్టేస్తుంది. ఎర్రనేల, ఎత్తైన బెడ్లు, డ్రిప్ ఉంటేనే దాని మాట ఎత్తాలి. నల్లరేగడిలో వానాకాలం చామంతి అంటే జూదం. బంతి అన్ని నేలల్లోనూ సర్దుకుంటుంది. అలాగని వానకు తట్టుకుంటుందని కాదు. అక్టోబరు తుపానుకి ముద్దబంతి పువ్వు స్పంజిలా నీళ్లు పీల్చి బరువెక్కుతుంది, కొమ్మలు విరుగుతాయి, రెండు రోజుల్లో పువ్వు లోపల నల్లబడుతుంది. నెల్లూరు, చిత్తూరు వైపు ఈశాన్య రుతుపవనాల వాన ఎక్కువ కాబట్టి అక్కడివాళ్లు మాకంటే ఎక్కువ ఆలోచించుకోవాలి.

బంతే అనుకుంటే ఏ బంతి?

దుకాణంలో రకరకాల ప్యాకెట్లు చూపిస్తారు. పెద్ద ముద్దబంతిని ఆఫ్రికన్ మేరీగోల్డ్ అంటారు, ఆఫ్రికాకీ దానికీ ఏ సంబంధమూ లేదు. పుట్టిల్లు మెక్సికో. అక్కడ నవంబరు మొదట్లో చనిపోయినవాళ్లను తలుచుకునే పండగకి ఇదే పువ్వు పరుస్తారు. చిన్న ఫ్రెంచి బంతిది కూడా అదే పుట్టిల్లు. మన బతుకమ్మలో కుదురుగా కూర్చున్న పువ్వు సముద్రం దాటి వచ్చిందంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

మార్కెట్ కోసం అయితే హైబ్రిడ్ ముద్దబంతి. గింజ ఖరీదు చూసి గుండె గుభేలుమంటుంది కానీ పువ్వు సైజు, బరువు, ఒకేసారి పూత రావడం అన్నీ అందులోనే ఉన్నాయి. దాని పువ్వు ఎండబెట్టి మళ్లీ గింజ దాచుకుంటే మాత్రం వచ్చే ఏడాది సగం మొక్కలు ఒంటి రేకువే వస్తాయి. నేను చేశాను ఆ పిసినారి పని. దండలు కట్టేవాళ్లు ఆ పువ్వును ముట్టుకోలేదు.

గింజ సొంతంగా దాచుకోవాలనుకునేవాళ్లు హైబ్రిడ్ కాని సూటి రకాలకు వెళ్లాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ పూసా నారంగి గైందా, పూసా బసంతి గైందా అని రెండు ఇచ్చింది. మంచి రకాలే, ఒకటి నారింజ, ఒకటి పసుపు. కాకపోతే గింజ నుంచి పువ్వుకు నాలుగు నెలల పైన తీసుకునే రకాలు అవి. దసరా లెక్క నేను పైన చెప్పిన తొంభై రోజులతో వేసి వీటిని పెడితే పండగ వెళ్లిపోయాక పూస్తాయి. బెంగళూరు హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధన సంస్థ అర్క పేరుతో బంతి రకాలు ఇచ్చింది. వాటిలో పువ్వు కోసం పెట్టేవి వేరు, రంగు తీయడానికి పెట్టేవి వేరు. అర్క శుభ రెండో కోవలోది. బంతి రేకుల్లోని పసుపు పదార్థాన్ని కోళ్ల దాణాలో కలిపితే గుడ్డు సొన మంచి రంగు తేలుతుంది, కంపెనీలు అందుకే కొంటాయి. ఎవరైనా "కొనుగోలు ఒప్పందం" అంటూ వస్తే ధర, తూకం, రవాణా ఎవరిదన్నది కాగితం మీద ఉంటేనే గింజ తీసుకోండి.

రంగు విషయంలో నాది పక్షపాతమే: మూడొంతులు నారింజ, ఒక వంతు పసుపు. తోరణాలకూ వాహనాల దండలకూ నారింజే ఎక్కువ అడుగుతారు, పసుపు దాని పక్కన ఉంటేనే అందం.

నాటిన నెలలోపు తలలు తుంచడం రెండిటికీ ఉంది. నడికొమ్మ కొన గిల్లేస్తే పక్క కొమ్మలు వస్తాయి, పూలు పెరుగుతాయి. బంతిలో తుంచితే మొదటి కోత కొన్ని రోజులు వెనక్కి పోతుంది, ఆ రోజులు మీ దసరా లెక్కలో కలుపుకోండి. నారు ఆలస్యమైన ఏడాది నేను తుంచను.

చామంతి రకాల మీద నేను ఎక్కువ చెప్పను. పసుపు, తెలుపు ఎప్పుడూ పోతాయి, ఎరుపు, ఊదా పెళ్లి అలంకరణల మీద ఆధారపడి ఉంటాయి. మీ మార్కెట్లో ఏ రకం పువ్వు ముందు అమ్ముడైపోతోందో రెండు వారాలు వెళ్లి చూసి, ఆ మొక్కే అడగండి.

పురుగు, తెగులు, పక్క పొలం

ఎండలు ముదిరితే బంతికి ఎర్రనల్లి, మొగ్గ దశలో రెండింటికీ తామర పురుగులు, చామంతికి అదనంగా పేనుబంక, ఆకుమచ్చ. మందుల పేర్లు నేను చెప్పను, మీ మండల ఉద్యాన అధికారిని అడగండి.

గట్టు మీద వయ్యారిభామ (పార్థీనియం కలుపు) ఉంటే మాత్రం ముందు అది పీకేయండి. అది కూడా బంతి, చామంతి, పొద్దుతిరుగుడు, కుసుమల కుటుంబంలోదే. దాయాది. ఈ కుటుంబంలో మనం ఒక పువ్వు అనుకునేది నిజానికి వందల చిన్న పూల గుంపు. ఎండిన బంతిలో ఒక రేకు లాగి చూస్తే అడుగున సూదిలా నల్ల గింజ ఉంటుంది కదా, ఆ ఒక్కో రేకూ ఒక్కో పువ్వన్నమాట. 2000లో అనంతపురం జిల్లాలో వేరుశనగను తుడిచిపెట్టిన కాండం కుళ్లు వైరస్ వయ్యారిభామ పుప్పొడిలో ఉండి, తామర పురుగుల ద్వారా చేనుకు చేరింది. ఆ వైరస్ బంతికీ సోకుతుంది. అందుకే వేరుశనగ పక్కన బంతి వద్దంటారు. రాయలసీమ వాళ్లు పక్క పొలంలో ఏముందో చూసుకుని దిగండి.

టమాటా రైతులకైతే అసలు ఈ పోలికే అక్కర్లేదు, వాళ్లకు బంతే. పదహారు సాళ్ల టమాటాకు ఒక సాలు బంతి పెడితే కాయ తొలిచే పురుగు టమాటాను వదిలి బంతి మొగ్గ మీద గుడ్లు పెడుతుంది. రెండూ ఒకేసారి పూతకు రావాలి కాబట్టి 25 రోజుల టమాటా నారుతోపాటు 45 రోజుల బంతి నారు నాటాలి. ఒకే వయసు నారు నాటి "ఏం పని చేయలేదు" అన్నవాళ్లను ముగ్గుర్ని చూశాను. బంతి వేర్లు నేలలో నులిపురుగులను కూడా తగ్గిస్తాయి. చామంతికి ఈ మేలు లేదు.

మధ్యేమార్గంగా చైనా ఆస్టర్ ఉంది. గింజతోనే వస్తుంది, మూడు నెలల పంట, చామంతిలాగే దండలోకి పోతుంది. అర్క కామిని లాంటి రకాలున్నాయి. జెర్బెరా గురించి అడగకండి. పాలీహౌస్ ఉన్నవాళ్ల పంట అది.

కోసిన తర్వాత బంతి కొంత ఓర్చుకుంటుంది. ముందు రోజు సాయంత్రం తడి పెట్టి, పొద్దున్నే మంచు ఆరాక కోసి, గోనెలో కుక్కకుండా వెదురు బుట్టలో వేస్తే మర్నాటి దాకా మార్కెట్లో నిలబడుతుంది. చామంతి తడిమీద కోసి మూట కడితే లోపల వేడెక్కి రేకులు గోధుమరంగుకు తిరుగుతాయి. ఒక దళారి నా సంచి విప్పి, మధ్యలో చెయ్యి పెట్టి, "ఉడికింది అన్నా" అన్నాడు. సగం ధర కట్టాడు. నాకు కోపం వచ్చింది కానీ నేనూ చెయ్యి పెట్టి చూశాను, నిజంగానే వెచ్చగా ఉంది.

మా బామ్మర్దికి ఇదంతా ఫోన్లో చెప్తే గంటసేపు విన్నాడు. వాళ్లింట్లో కోయగలిగేది ఇద్దరు, వాడూ మా మరదలూ. బోరు రెండించులు. నేల ఎర్రదే, కానీ కింది వైపు నీళ్లు నిలుస్తాయి. "పదిహేను గుంటలు బంతి పెట్టు. ఎత్తుగా ఉన్న వైపు అయిదు గుంటలు మాత్రం చామంతి. దాంతో ఈ ఏడు డబ్బు చూడకు. పిలకలు తీసి వేసవిలో బతికించడం నేర్చుకో. అది నీ చేతికి అలవడితే వచ్చే ఏడాది పదిహేను గుంటలు చామంతి పెట్టమని నేనే చెప్తా" అన్నాను.

"సరే బావా" అని పెట్టేయబోతుంటే ఆపి, రోడ్డు వైపు కరెంటు స్తంభం ఉందా అని అడిగాను.

"ఉంది. ఆ ఎత్తు వైపే. పోయిన నెలే లైటు కూడా పెట్టించారు."

అయితే చామంతి అక్కడ వద్దు, మధ్యకు జరుపు, కింద బెడ్లు అడుగు ఎత్తు లేపు అన్నాను. స్తంభం కింద బంతి పెట్టుకోమన్నాను.